మార్చి క్లోజింగ్‌కు ముందు పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో టెంప్ ఫైళ్ల జాగ్రత్తలు

మార్చి 31 దగ్గరపడేకొద్దీ ఏడాది లెక్కల రిపోర్టులు, జీఎస్టీ సరిచూసుకోవడాలు, ఆడిటర్లు అడిగే పన్నెండు నెలల లెడ్జర్లు అన్నీ ఒకేసారి వచ్చి డేటాబేస్ మీద పడతాయి. మిగతా రోజుల్లో ఎవరూ పట్టించుకోని టెంప్ ఫైళ్లు (క్వెరీలు పని మధ్యలో రాసుకునే తాత్కాలిక ఫైళ్లు) డిస్కు నింపేసేది అప్పుడే. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ చూసుకునేవాళ్లు ఈ పనులు ఇప్పుడే చేసి పెట్టుకోండి. క్లోజింగ్ వారంలో సెట్టింగులు ముట్టుకోనివ్వరు.

ఈ ఫైళ్లు ఎక్కడివంటే, క్వెరీ పనికి ఇచ్చే మెమరీ హద్దు, అంటే వర్క్_మెమ్ సెట్టింగ్, మామూలుగా 4 ఎంబీ ఉంటుంది. సార్టింగో, హ్యాష్ జాయినో (రెండు టేబుళ్లను కలిపే పద్ధతి) ఆ మెమరీలో పట్టకపోతే సర్వర్ డిస్కు మీద రాసుకుంటుంది. డేటా డైరెక్టరీలో బేస్ ఫోల్డర్ లోపల పీజీఎస్‌క్యూఎల్_టీఎంపీ అనే ఫోల్డర్ వాటి చోటు. క్వెరీ పూర్తయినా, ఎర్రర్ వచ్చి ఆగినా సర్వరే వాటిని తీసేస్తుంది. అందుకని అక్కడ ఫైళ్లు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. రాసిన ప్రాసెస్ (కనెక్షన్ తరఫున సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్) పోయి, ఫైలు మాత్రం మిగిలిపోతే అది వేరే సంగతి.

ముందుగా లాగ్_టెంప్_ఫైల్స్ ఆన్ చేయండి. ఇది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. 10240 (కేబీల్లో) అని పెడితే 10 ఎంబీ, అంతకు మించిన ప్రతి టెంప్ ఫైలూ దాని క్వెరీతో సహా లాగ్‌లోకి వస్తుంది. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ (సెట్టింగులు మళ్లీ చదివించడం) చాలు. ఒక వారం నడిస్తే ఏ రిపోర్టు డిస్కు తింటోందో మీకే తెలిసిపోతుంది. చాలాసార్లు ఒక ఇండెక్స్ వేస్తేనో, తేదీ ఫిల్టర్ ఒకటి పెడితేనో సగం భారం దిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది టెంప్_ఫైల్_లిమిట్, టెంప్ ఫైళ్లు ఎంత జాగా వాడొచ్చో చెప్పే హద్దు. డిఫాల్ట్ విలువ మైనస్ 1, అంటే హద్దే లేదు. జాయిన్ కండిషన్ ఒకటి మర్చిపోయిన క్వెరీ చాలు, డిస్కు మొత్తం మింగేయడానికి. ఈ హద్దు ఒక్కో ప్రాసెస్‌కు వర్తిస్తుంది, సర్వర్ మొత్తానికి కాదు. పారలల్ వర్కర్లు (ఒకే క్వెరీని పంచుకుని నడిపేవి) కూడా విడివిడి ప్రాసెస్‌లే. 200 జీబీ ఖాళీ ఉన్న డిస్కు మీద ఒకేసారి ఆరేడు పెద్ద రిపోర్టులు నడుస్తాయనుకుంటే 20 జీబీ దాటనివ్వకండి. హద్దు తగిలితే ఆ ఒక్క క్వెరీ ఎర్రర్‌తో ఆగుతుంది. హద్దు లేక డిస్కు నిండి, అదే డిస్కు మీద ట్రాన్సాక్షన్ రికార్డు ఉండే పీజీ_వాల్ ఫోల్డర్ కూడా ఉంటే, ఆ రికార్డు రాయలేక సర్వర్ మొత్తం పడిపోతుంది. రిపోర్టు మళ్లీ నడపొచ్చు, బిల్లింగ్ ఆగిపోతే ఎవరికీ జవాబు చెప్పలేం. ఇంకొకటి గమనించండి: క్రియేట్ టెంప్ టేబుల్‌తో చేసుకున్న టేబుళ్లు ఈ హద్దులోకి రావు.

డిస్కు భయంతో వర్క్_మెమ్‌ను సర్వర్ అంతటికీ పెంచేయడం ప్రమాదం. అది క్వెరీకి ఒక్కసారి లెక్క కాదు, క్వెరీలోని ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హ్యాష్‌కు విడిగా పడుతుంది. మెమరీ అయిపోతే లైనక్స్‌లో మెమరీ ఖాళీ చేయించే ఓఓఎం కిల్లర్ ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. దాంతో పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లూ తెంచి రికవరీకి వెళ్తుంది. మిగిలిపోయిన టెంప్ ఫైళ్లు పుట్టేది సాధారణంగా ఇలాగే. వెర్షన్ 14 నుంచి ఇలా క్రాష్ అయ్యాక సర్వర్ వాటిని తానే తుడిచేస్తుంది. 13, అంతకు ముందువాటిలో పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా అవి అలాగే పడి ఉంటాయి. రిపోర్టులు నడిపే రోల్‌కు (డేటాబేస్ యూజర్‌కు) మాత్రమే వర్క్_మెమ్ పెంచుకోండి.

ఫైలు ఎవరిదో దాని పేరే చెబుతుంది. పీజీఎస్‌క్యూఎల్_టీఎంపీ28451.3 అని కనిపిస్తే 28451 ప్రాసెస్ నంబరు, చుక్క తర్వాతిది వరుస సంఖ్య. ఒక్కో ఫైలు 1 జీబీకి చేరగానే తర్వాతి అంకెతో కొత్తది మొదలవుతుంది కాబట్టి, ఒకే నంబరుతో నలభై ఫైళ్లుంటే అదంతా ఒక్క క్వెరీయే కావచ్చు. ఆ నంబరును ఇప్పుడున్న కనెక్షన్లు చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెతకండి. లేకపోతే మిగిలిపోయిన ఫైలే. ఉన్నా తొందరపడకండి, లైనక్స్ పాత నంబర్లను మళ్లీ ఇస్తుంది. ఫైలు చివరిసారి మారిన టైము ఆ కనెక్షన్ మొదలైన టైము కన్నా ముందుదైతే అది పాతదే. వీటి కోసం సర్వర్ పూర్తి రీస్టార్ట్‌కు ఒక రాత్రి ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

నడుస్తున్న క్వెరీ ఫైలును చేత్తో డిలీట్ చేసినా ఫలితం ఉండదు. ప్రాసెస్ దాన్ని తెరిచి ఉంచినంతసేపూ ఆ జాగా తిరిగి రాదు. ఫైళ్ల సైజు కూడి చూపే డీయూ కమాండ్‌లో సైజు తగ్గినట్టు కనిపిస్తుంది, డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్‌లో మాత్రం డిస్కు నిండే ఉంటుంది. పైగా ఫైలు మళ్లీ తెరవాల్సి వస్తే క్వెరీ ఎర్రర్‌తో పోతుంది. ఆ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు ఊడ్చే క్రాన్ జాబ్ (వేళకు తానే నడిచే పని) ఎవరైనా రాసి పెట్టారేమో చూసి తీసేయండి.

పీజీ_వాల్ జోలికి అసలు వెళ్లకండి. దాని పాత పేరు పీజీ_ఎక్స్‌లాగ్. ఉత్త లాగే కదా అని తుడిచేసి డేటాబేస్ పోగొట్టుకున్నవాళ్లు ఉండబట్టే 2017లో వచ్చిన వెర్షన్ 10లో పేరు మార్చారు. అది ఉబ్బిపోతుంటే ఆర్కైవింగ్ (ఆ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయడం) ఫెయిలవుతోందా, ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (కాపీ సర్వర్ కోసం ఆ ఫైళ్లను ఆపి ఉంచేది) ఏదైనా మిగిలిందా అని చూడండి.

ఇన్ని చేసినా ఒక రాత్రి డిస్కు 95 శాతం దాటిందనుకోండి. ఎక్కువ జాగా తింటున్న ప్రాసెస్ నంబరు పట్టుకుని ముందు క్వెరీని మాత్రమే ఆపే పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్, వినకపోతే కనెక్షన్‌నే తెంచే పీజీ_టర్మినేట్_బ్యాకెండ్ వాడండి. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొడితే ఓఓఎం కిల్లర్ చేసిన పనే మీరూ చేసినట్టు. ఆపేముందు అకౌంట్స్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే రిపోర్టు ఆగిపోయిందనుకుని వాళ్లు మళ్లీ అదే బటన్ నొక్కుతారు, పది నిమిషాల్లో అదే క్వెరీ తిరిగి వస్తుంది. ఆ రోల్‌కు కనెక్షన్ లిమిట్ రెండో మూడో పెట్టి ఉంచితే ఒకే రిపోర్టు పదిసార్లు వరుస కట్టదు.