పాత నికాన్ ఎఫ్‌3 కొనాలా, ఎఫ్‌4 కొనాలా? తేల్చుకునే పద్ధతి, షట్టర్ పరీక్షించే పద్ధతి

ఫిల్మ్ కెమెరాల మీద మనసు పడ్డవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు: 1980లో వచ్చిన ఎఫ్‌3నా, 1988లో వచ్చిన ఎఫ్‌4నా? రెండూ ఫోటోలే వృత్తిగా బతికేవాళ్ల కోసం నికాన్ తయారు చేసినవి. నేను రెండూ చాలాసార్లు కొన్నాను, అమ్మాను, స్నేహితులు కొనబోయేవాటిని పరీక్షించి పెట్టాను. ప్రతిసారీ కనిపించే పొరపాటు ఒకటే. ఏ మోడల్ గొప్పదని వారాల తరబడి ఆలోచిస్తారు, తీరా కొనేటప్పుడు చేతిలో ఉన్న కెమెరాను ఐదు నిమిషాలు కూడా చూడరు. మోడల్ ఎంచుకోవడం నిజానికి చిన్న పని. కష్టమంతా షట్టర్ దగ్గర, అంటే ఫిల్మ్ మీద వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చే భాగం దగ్గర ఉంది. అందుకే మొదటి రెండు మెట్లు త్వరగా ముగించి, మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి మెట్టు: మీ లెన్సులు చూసుకోండి

మీ దగ్గర ఉన్నవి చేత్తో ఫోకస్ చేసే ఏఐ, ఏఐ‌-ఎస్ లెన్సులైతే ఎఫ్‌3 తీసుకోండి. అపెర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) మార్చే రింగు ఉన్న ఆటోఫోకస్ లెన్సులైతే ఎఫ్‌4 తీసుకోండి. రింగు లేని జీ రకం లెన్సులే ఉంటే ఎఫ్‌3 వైపు చూడకండి, ఎందుకంటే దాని మీద అవి అతి చిన్న అపెర్చర్ దగ్గరే ఉండిపోతాయి. ఎఫ్‌4 మీద జీ లెన్సులు, అపెర్చర్‌ను కెమెరానే ఎంచుకునే ప్రోగ్రామ్ మోడ్‌లోనూ, షట్టర్ ప్రయారిటీలోనూ మాత్రమే సరిగ్గా పనిచేస్తాయి. లెన్సులో చేతి వణుకు తగ్గించే వీఆర్ ఉన్నా ఎఫ్‌4లో అది కదలదు. పేరులో ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం ఉండి, అపెర్చర్ కరెంటుతో కదిలే కొత్త లెన్సులు రెండింటికీ పనికిరావు.

ఫ్లాష్ ఎక్కువగా వాడేవాళ్లకు వేరే ఆలోచన అక్కర్లేదు, ఎఫ్‌4. దాని ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ వేగం) సెకనులో 1/250 వంతు, ఎఫ్‌3ది 1/80 మాత్రమే. పైగా ఎఫ్‌3లో ఫ్లాష్ తగిలించే చోటు ఫిల్మ్‌ను వెనక్కి చుట్టే రీవైండ్ క్రాంక్ చుట్టూ ఉంటుంది, మామూలు ఫ్లాష్ అందులో కూర్చోదు.

కళ్లద్దాలు ఉన్నా లేకున్నా, హెచ్‌పీ ఫైండర్ (కన్ను పెట్టి చూసే భాగం) లేని ఎఫ్‌3 కొనకండి. కన్ను కాస్త దూరంగా పెట్టినా ఫ్రేమ్ నాలుగు మూలలూ అందులో కనిపిస్తాయి. మామూలు ఫైండర్‌లో బొమ్మ కొంచెం పెద్దగా కనిపిస్తుందని కొందరు దాన్నే ఇష్టపడతారు. మూలలు కనిపించనప్పుడు బొమ్మ పెద్దదై ఏం లాభం?

ఎఫ్‌4 బరువు. ఆరు సెల్లుల గ్రిప్‌తో సెల్లులు వేయకముందే దాదాపు 1,280 గ్రాములు ఉంటుంది. నాలుగు సెల్లుల చిన్న గ్రిప్ తీసుకోండి. సెకనుకు 5.7 ఫ్రేముల వేగం 4కి తగ్గుతుంది కానీ, ఫిల్మ్ మీద అంత వేగం ఎవరికీ అవసరం లేదు. అదే కారణంతో ఎఫ్‌3కి ఫిల్మ్‌ను తనంతట తనే జరిపే మోటార్ కూడా వద్దంటాను. ఆ కెమెరాలో ఉన్న సుఖమంతా బాల్ బేరింగుల మీద తిరిగే వైండింగ్ లివర్‌లో ఉంది. బొటనవేలితో ఒక్కసారి తిప్పి చూడండి, మోటార్ మాట మళ్లీ ఎత్తరు.

ఇంకొక్క మాట. "ఎఫ్‌4 కొత్త తరం కాబట్టి వయసు తక్కువ" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1996లో ఎఫ్‌5 వచ్చి ఎఫ్‌4ను పక్కకు నెట్టింది కానీ, ఎఫ్‌3 మాత్రం 2000 దాకా తయారవుతూనే ఉంది. చివరి రోజుల్లో తయారైన ఎఫ్‌3 ఏ ఎఫ్‌4 కన్నా వయసులో చిన్నదే అవుతుంది. తరం వేరు, మీ చేతికొచ్చిన కెమెరా వయసు వేరు.

రెండో మెట్టు: పైపై పరీక్ష

వెనక తలుపు తెరిచి, వెలుతురు లోపలికి రాకుండా అంచుల్లో పెట్టిన స్పాంజి చూడండి. వేలికి జిగురుగా అంటుకుంటే అది మార్చాలి. పెద్ద ఖర్చు కాదు, భయం వద్దు. సెల్లుల గది చూడండి. పచ్చగానో తెల్లగానో పూత ఉంటే సెల్లు కారిందన్నమాట, వదిలేయండి. శుభ్రం చేశామని చెప్పినా వదిలేయండి. కారిన రసం తీగల వెంట ఎంత దూరం పోయిందో బయటి నుంచి కనిపించదు.

ఎఫ్‌4 వ్యూఫైండర్‌లోని ఎల్‌సీడీ అంచుల్లో సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు కనిపించడం మామూలే. అంకెలు చదవగలిగితే ఫర్వాలేదు, మచ్చ అంకెల మీదికి వస్తే మాత్రం వద్దు. రబ్బరు మీద తెల్లటి పొర కనిపిస్తే టెన్షన్ పడకండి, తుడిస్తే పోతుంది.

ఎఫ్‌3ని మోటార్ తగిలించి చూపిస్తే మోటార్ తీయించి చూడండి. మోటార్ ఉన్నప్పుడు కెమెరాకు కరెంటు దాని సెల్లుల నుంచే అందుతుంది, కాబట్టి కెమెరా సొంత సెల్లుల గది పాడైపోయినా బయటపడదు. మోటార్ తీశాక అడుగున చిన్న గుండ్రటి మూత ఉందో లేదో చూడండి. మోటార్ తగిలించేటప్పుడు దాన్ని విప్పి మోటార్ సెల్లుల గదిలో దాచుకోవాలి, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. ఆ మూత లేకపోతే అక్కడి నుంచి ఫిల్మ్ మీదికి వెలుతురు పోతుంది.

వెలుతురు కొలిచే మీటర్ సంగతి తేలిక. నమ్మకమైన వేరే కెమెరాతో ఒకే గోడను ఎండలో, నీడలో, గదిలో కొలిచి చూడండి. తేడా మూడు చోట్లా ఒకేలా ఉంటే కెమెరా మీద ఫిల్మ్ స్పీడ్ (ఐఎస్‌ఓ) అంకె మార్చి సరిదిద్దుకోవచ్చు. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే వద్దు. ఎఫ్‌3 మీటర్ 80 శాతం మధ్యలోని వలయాన్నే చూస్తుంది, కాబట్టి గోడ ఫ్రేమంతా నిండేలా నిలబడండి.

మూడో మెట్టు: షట్టర్

ఇక్కడ తొందర వద్దు. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

ముందు షట్టర్‌లో ఏం జరుగుతుందో తెలియాలి. రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ దాని వెనకే వస్తుంది. వేగం పెరిగేకొద్దీ రెండింటి మధ్య సందు సన్నబడుతుంది. ఎఫ్‌3లో 1/2000 దగ్గర అది కొద్ది మిల్లీమీటర్ల చీలిక మాత్రమే. ఎఫ్‌4 1/8000 దాకా పోతుంది, అక్కడ ఇంకా సన్నం. రెండో తెర ఎప్పుడు బయలుదేరాలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. ఆ భాగం ఏళ్ల తరబడి తప్పదు. కానీ తెరలను లాగేవి స్ప్రింగులు, వాటికి వేసిన నూనె ఏళ్లకు చిక్కబడుతుంది. మొదటి తెర నెమ్మదించి, రెండోది దాన్ని అందుకుంటే ఫ్రేములో ఒక వైపు చీకటి పడుతుంది. ఫొటో సగం బాగుండి సగం నల్లగా వస్తుంది.

ఇప్పుడు ఫోన్‌లో చప్పుడు విని వేగం చెప్పే యాప్‌ల సంగతి. వాటిని నమ్మకండి. 1/60 కన్నా నెమ్మది వేగాలకు కొంత పనికొస్తాయి. 1/1000 దగ్గర అద్దం చప్పుడు, రెండు తెరల చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకవేళ విడిగా వినిపించినా, తెర దారి మధ్యలో నెమ్మదించిందో లేదో చప్పుడులో తెలియదు. ఒకసారి అలాంటి యాప్ మీద ఆధారపడి ఎఫ్‌3 తీసుకున్నాను. అంకెలన్నీ బాగున్నాయి. మొదటి రోల్‌లో ఎండలో తీసిన ప్రతి ఫ్రేముకీ కుడి అంచు నల్లగా వచ్చింది. అవి మళ్లీ తీయలేని ఫొటోలు. ఆ తర్వాత యాప్ వాడలేదు.

వెనక తలుపు తెరిచి కంటితో చూసే పద్ధతి ఒకటుంది. ఎఫ్‌3లో అది మోసం చేస్తుంది, బాగా గుర్తుంచుకోండి. ఫ్రేమ్ కౌంటర్ 1కి చేరేదాకా ఎఫ్‌3 షట్టర్, మీరు డయల్ మీద 8 సెకన్లు పెట్టినా 1/2000 పెట్టినా, 1/80 వేగంతోనే కొడుతుంది. ఫిల్మ్ ఎక్కించేటప్పుడు లెన్సుకు మూత ఉన్నా పని ఆగకూడదని అలా చేశారు. తలుపు తెరిస్తే కౌంటర్ మొదటికి వెళ్లిపోతుంది. అంటే తలుపు తెరిచి చూసినంతసేపూ మీరు చూసేది 1/80 ఒక్కటే. ఇది తెలియక మంచి కెమెరాలను "అన్ని వేగాలూ ఒకేలా ఉన్నాయి, పాడైంది" అని వదిలేసినవాళ్లున్నారు. పాడైనదాన్ని "బాగానే ఆడుతోంది" అని కొన్నవాళ్లు ఇంకా ఎక్కువ. కౌంటర్ 1కి రానివ్వకుండా ఎఫ్‌3 మీద ఏ తీర్పూ చెప్పకండి.

కాబట్టి నమ్మదగిన దారి ఒక్కటే: ఒక రోల్ ఖర్చు పెట్టాలి. కొనే ముందు కుదరకపోతే, తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే మాట్లాడుకుని ఆ గడువులోపు చేయండి.

రోల్ స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) అయి ఉండాలి, ఫిల్మ్ స్పీడ్ ఐఎస్‌ఓ 100. మామూలు నెగటివ్ ఫిల్మ్ రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది) తప్పును కూడా మింగేస్తుంది. స్లైడ్ అర స్టాపును కూడా దాచదు. స్లైడ్ దొరకక నెగటివ్ వాడితే, స్కాన్ చూసి మాత్రం తీర్పు చెప్పకండి. ల్యాబ్ యంత్రం ప్రతి ఫ్రేమునూ దానంతట అదే సరిచేసేస్తుంది. నెగటివ్‌నే తెల్లటి వెలుగు మీద పెట్టి కంటితో చూడాలి.

ముందు రోజు రాత్రే ఫిల్మ్ ఎక్కించి కౌంటర్ 1కి తెచ్చి కెమెరాను వదిలేయండి. ఒక్క రాత్రి అలా ఉంటే షట్టర్‌కు ఏమీ కాదు. చిక్కబడిన నూనె, చాలాసేపు కదలకుండా ఉన్న తర్వాత కొట్టే మొదటి దెబ్బలోనే బయటపడుతుంది. రెండు మూడుసార్లు కొడితే సర్దుకుని బాగున్నట్టు కనిపిస్తుంది. అమ్మేవాళ్లు కెమెరా చేతికిచ్చే ముందు పదిసార్లు కొట్టి చూపించడం వెనక దురుద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ పది దెబ్బలు తప్పును దాచేస్తాయి. ఈ ఒక్క జాగ్రత్త కోసమే నా పద్ధతి మిగతావాటికన్నా మేలంటాను.

మర్నాడు ఆకాశం తేటగా ఉన్నప్పుడు, ఎండ నిండుగా పడుతున్న బూడిదరంగు గోడ ముందు నిలబడండి. మోడ్ మాన్యువల్‌లో ఉండాలి, ఫోకస్ అనంతం దగ్గర పెట్టండి. మొదటి ఫ్రేమ్ 1/2000, అపెర్చర్ 4. రెండోదీ అదే. తర్వాత 1/1000కి 5.6, 1/500కి 8, 1/250కి 11, 1/125కి 16. ఎఫ్‌4 అయితే 1/8000కి 2తో మొదలుపెట్టి, 1/4000కి 2.8 పెట్టి, ఆ తర్వాత ఇదే వరుసలోకి రండి. వరుస మొత్తం రెండుసార్లు తీయండి, ప్రతి ఫ్రేమునూ కాగితం మీద రాసుకోండి. అంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. మధ్యలో మబ్బు అడ్డం వస్తే ఆ వరుస వదిలేసి మొదటి నుంచి తీయండి. సర్దుకుపోవద్దు. మిగిలిన ఫ్రేములతో గదిలో, స్టాండ్ మీద పెట్టి, నెమ్మది వేగాలు ఇలాగే తీయండి. ఎఫ్‌3లో లెన్సు పక్కన ముందువైపు ఉన్న చిన్న మీటతో కూడా ఒక ఫ్రేమ్ తీయండి. సెల్లులు అయిపోయినా 1/60 దగ్గర ఫొటో తీయగలిగేది దానితోనే. ఎఫ్‌4కు అలాంటి ఏర్పాటు లేదు, సెల్లు అయిపోతే అది కదలదు.

ఫిల్మ్ కడిగి వచ్చాక ఒకే వరుసలోని ఫ్రేములన్నీ ఒకే వెలుతురులో కనిపించాలి. అలా లేకపోతే కంగారు పడకుండా ఎలా తేడా ఉందో చూడండి. నాలుగు మూలలూ సమానంగా కొంచెం నల్లగా ఉంటే అది లెన్సు స్వభావం, అపెర్చర్ 2, 2.8 దగ్గర ఉండేదే. ఒకే వైపు నల్లబడితే షట్టర్. ఎఫ్‌3 తెరలు అడ్డంగా కదులుతాయి కాబట్టి ఎడమ లేదా కుడి అంచు నల్లబడుతుంది. ఎఫ్‌4 తెరలు నిలువుగా కదులుతాయి కాబట్టి పైన లేదా కింద. అపెర్చర్ చిన్నదయ్యేకొద్దీ ఫ్రేములు తెల్లబోతుంటే షట్టర్‌ను నిందించకండి. లెన్సు రెక్కలకు నూనె పట్టి సమయానికి మూసుకోవడం లేదేమో, వేరే లెన్సుతో మళ్లీ తీయండి. మొదటి ఫ్రేమ్ ఒక్కటే చెడి రెండోది బాగుంటే "ఒక్కటే కదా" అని వదలకండి. ఆ కెమెరా సర్వీసుకు వెళ్లాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, ఒప్పుకోకపోతే తిరిగి ఇచ్చేయండి.

పరీక్ష నెగ్గిన కెమెరాను నెల రోజులకు మించి వాడకపోతే సెల్లులు తీసి పక్కన పెట్టండి. ఎఫ్‌3లో రెండే చిన్న బటన్ సెల్లులు కాబట్టి వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. నా దగ్గరికి పాడై వచ్చిన ఎఫ్‌3లలో ఎక్కువవాటి సమస్య షట్టర్ కాదు, మరిచిపోయిన ఆ రెండు సెల్లులే.