కోలాటంలో ఉద్ది (ఎదుట నిలిచి కోల కలిపే జత మనిషి) మారడం తడబడకుండా నేర్చుకోవడం ఎలా?

ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాల్లో వాహన సేవ ముందు ఆడే కోలాట బృందాలను చూసి ముచ్చటపడి, కడపలోని కాలనీల్లో చాలామంది సాయంత్రం పూట కోలలు పట్టుకుంటున్నారు. ఇది ఎంతో సంతోషించదగిన విషయం. అయితే చాలాచోట్ల మొదటి వారంలోనే వేళ్లకు దెబ్బలు తగిలి, సగం మంది మానేస్తున్నారు. లోపం వారిలో లేదు, నేర్పే వరుసలో ఉంది.

కావలసినవి కొద్దే. ఒక్కొక్కరికి అడుగుంపావు పొడవున్న, పెళుసులేని నున్నటి కోలలు రెండు, ఇరవై అడుగుల మట్టి నేల, ఒక జత తాళాలు, కొంచెం ముగ్గుపిండి ఉంటే చాలు. చెమట పడితే కడప బండల మీద పాదం జారుతుంది కనుక అలాంటి నేల మీద ఆడవద్దు. చెప్పులు విడిచి ఆడాలి. ఎండాకాలంలో పొద్దు వాలాకే మొదలుపెట్టాలి.

పదహారు మందిని ఎనిమిది జంటలుగా చేయండి. ముగ్గుపిండితో రెండు వలయాలు గీసి, ఒక్కొక్క వలయంలో ఎనిమిది చుక్కలు పెట్టండి. లోపలివారు బయటికి, బయటివారు లోపలికి తిరిగి, తమ ఉద్దికి రెండున్నర అడుగుల దూరంలో నిలబడాలి. ఒకరు మిగిలితే వారికి తాళాలు ఇవ్వండి.

మొదటి కోపు, అంటే కోలలు తట్టే వరుస, నాలుగు దెబ్బలది. ఒకటికి తన కోలలు తానే తట్టుకోవాలి, రెండుకు ఉద్ది కుడి కోలను తన కుడి కోలతో, మూడుకు మళ్లీ తన కోలలు, నాలుగుకు ఎడమ కోలను ఎడమ కోలతో తట్టాలి. కోలలు భుజం ఎత్తున ఏటవాలుగా కలవాలి, దెబ్బ కోల పైభాగంలోనే పడాలి. ఇది అరగంటలో వచ్చేస్తుంది.

అసలు చిక్కంతా ఉద్ది మారేటప్పుడే వస్తుంది. ఇక్కడ తొందరపడితే మిగిలినదంతా వృథా అవుతుంది కనుక, ఈ ఒక్క అడుగుకు రెండు మూడు సాయంత్రాలు పూర్తిగా కేటాయించండి.

కొత్తవారితో బయటి వలయాన్ని మాత్రమే కదిలించాలి, లోపలివారు తమ చుక్క దాటకూడదు. బయటివారు ప్రదక్షిణగా, అంటే తమ ఎడమ చేతి వైపుకు, ఒక్క చోటు జరగాలి. ఇందుకు ఒక పూర్తి ఆవృత్తం, అంటే నాలుగు దెబ్బల కాలం ఇవ్వాలి. ఒకటికి ఎడమ కాలు పక్కకు వేయాలి, రెండుకు కుడి కాలు చేర్చాలి, మూడుకు మళ్లీ ఎడమ, నాలుగుకు కుడి చేర్చి కొత్త ఉద్ది ఎదుట నిలవాలి. ఈ నాలుగు దెబ్బల్లో రెండు వలయాలవారూ ఎవరి కోలలు వారే ఛాతీ ముందు తట్టుకుంటూ ఉండాలి.

ప్రమాదం అంతకు ముందు దెబ్బలో ఉంది. పాత ఉద్దితో ఎడమ కోల కలపవలసిన నాలుగో దెబ్బ పడకముందే మనసు పక్కవారి మీదికి పోతుంది, దానితోపాటు నడుము కూడా తిరుగుతుంది. అప్పుడు అవతలివారి కోల మన కోలకు బదులు మన వేలి కణుపుల మీద పడుతుంది. కాబట్టి ఆ దెబ్బ చెవికి వినిపించేదాకా ఒంటి బరువు కుడి కాలి మీదే నిలిపి ఉంచాలి. బరువు కుడి కాలి మీద ఉంటే ఎడమ కాలు తేలికై, ఒకటికి దానంతటదే లేస్తుంది. పాదాల వైపు చూడకూడదు, ఎదుటివారి కోలల కొనలు చూడాలి. ఎవరైనా తప్పిపోతే పాత ఉద్ది కోసం వెనక్కి పరుగెత్తకుండా, దగ్గరలోని ఖాళీ చుక్క మీద నిలబడి తన కోలలు తట్టుకుంటూ తరువాతి మార్పు దాకా ఆగాలి. వెనక్కి వచ్చే మనిషి ఒక్కరే అయినా ముగ్గురికి దెబ్బ తగులుతుంది.

నేర్పేవారు వేసే ఈల కూడా ముఖ్యమే. మార్పుకు ముందున్న ఆవృత్తంలో ఒకటో దెబ్బకే ఈల వేస్తే, సిద్ధపడడానికి అందరికీ వ్యవధి దొరుకుతుంది. నాలుగో దెబ్బకు వేసే ఈల అందరినీ కంగారుపెడుతుంది. అమెరికా స్క్వేర్ డ్యాన్సులో నాలుగు జంటలను నడిపించే కాలర్ కూడా చేయవలసిన కదలికను కాస్త ముందుగానే పిలిచి చెబుతాడు.

సెల్‌ఫోన్‌లో పాట పెట్టి నేర్పడాన్ని నేను ఒప్పుకోను. యంత్రం మనకోసం ఆగదు. నిదానంగా సాగే అన్నమాచార్య కీర్తన ఒకటి ఎంచుకుని ఒకరు పాడితే, ఎవరైనా తడబడినప్పుడు కాలం తగ్గించుకోవచ్చు, అందరూ కుదుటపడ్డాక పెంచుకోవచ్చు.

ఎనిమిది మార్పులు పూర్తయి, మొదటి ఉద్ది తిరిగి ఎదుటికి వచ్చేదాకా కోల తప్పకుండా ఆడగలిగినప్పుడే రెండు వలయాలనూ ఎదురెదురు దిశల్లో కదిలించాలి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. ఎనిమిది జంటలతో ఇరువైపులా ఒక్కొక్క చోటు జరిగితే, మధ్యలో ఒకరిని దాటి రెండోవారు ఎదురవుతారు. నాలుగు మార్పులకే పాత ఉద్ది వచ్చేస్తారు, మిగిలిన నలుగురితో కోల కలపడమే కుదరదు. అందరితో అందరూ ఆడాలంటే ఏడు జంటలో తొమ్మిది జంటలో ఉండేటట్టు చూసుకోవాలి.