రాక్షసుణ్ణి రాయడం, 4వ పాఠం: పుట్టుకా, పెంపకమా?

పోయిన పాఠంలో మన కథకు చోటు కుదుర్చుకున్నాం: కడప జిల్లా గండికోట, పెన్నా కోసుకుంటూ పోయిన లోయ. హీరో ఓబులేసు, జమ్మలమడుగులో ఇంటర్ ఫస్టియర్. వాళ్ళ వంశంలో మగపిల్లలు పదహారేళ్ళు నిండాక కొన్ని రాత్రులు చిరుతలుగా మారిపోతారు. వాడు రాక్షసుడా కాదా అన్నది ఈ పాఠంలో తేల్చుకోవాలి.

కొత్తగా రాసేవాళ్ళు చాలామంది ఇలా మొదలుపెడతారు: "పదహారేళ్ళు నిండిన రాత్రి అతని రక్తంలోని మృగం నిద్ర లేచింది. ఊరంతా వణికిపోయింది." చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇందులో ఓబులేసు చేసిందేముంది? గోళ్ళు పెరగడం వాడి చేతిలో లేదు. గొంతు మారడం, మీసం రావడం ఆ వయసు పిల్లల చేతిలో ఉందా? చెప్పాపెట్టకుండా మారిపోయే ఒళ్ళంటే ఏమిటో టీనేజ్ పాఠకులకు తెలుసు, అందుకే ఈ రకం కథలు వాళ్ళని అంతగా పట్టుకుంటాయి. మారినందుకే వాణ్ణి రాక్షసుడంటే ఆ పాఠకుణ్ణి కూడా అన్నట్టే.

మన సీమ పిల్లలకు ఇది మరీ తెలిసిన నొప్పి. చదువుకోసం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళి, మాది కడప అనో కర్నూలు అనో చెప్పగానే ఎవరో ఒకరు బాంబుల గురించి అడుగుతారు. ఆ మాట పడ్డవాళ్ళం, "వాడి రక్తమే అంత" అని రాసి చేతులు దులుపుకోకూడదు. ఈ విషయంలో నేను రాజీ పడను.

అలాగని "పాపం, లోకమే వాణ్ణి అలా చేసింది" అన్నా సరిపోదు. 1818లో అచ్చయిన ఫ్రాంకెన్‌స్టయిన్ నవలను మేరీ షెల్లీ ఇరవై ఏళ్ళు నిండకముందే రాసి ముగించింది. అందులో ప్రాణం పోసినవాడే ఆ జీవిని చూసి భయపడి వదిలేసి పోతాడు. కనిపించిన మనుషులంతా తరిమికొడతారు. మనకు జాలి వేస్తుంది. తర్వాత అది ఒక చిన్నపిల్లవాడి గొంతు నులుముతుంది. జాలి పోదు, క్షమించడమూ కుదరదు. నవల బలమంతా అక్కడే ఉంది.

ఇంకా దగ్గర్లో అహోబిలం ఉంది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని అక్కడ ఉగ్రస్తంభాన్ని చూపిస్తారు. ఆ కథను ఒకసారి రాసేవాడి కళ్ళతో చూడండి. హిరణ్యకశిపుడు మొదట వైకుంఠం వాకిట్లో కాపలా ఉన్నవాడు, శాపం తగిలి రాక్షసుడై పుట్టాడు. అతని కడుపున పుట్టిన ప్రహ్లాదుడు తల్లి గర్భంలోనే నారదుడి బోధ విన్నాడు. తర్వాత గురువులు చండామార్కులు ఎంత నూరిపోసినా లొంగలేదు. పుట్టుక, పెంపకం, సొంత పట్టుదల ఒకే ఇంట్లో పెనవేసుకున్నాయి. ఏ ఒక్కటి తీసేసినా కథ కూలిపోతుంది.

ఓబులేసుకూ ఆ మూడూ ఇద్దాం. పుట్టుక ఉండనే ఉంది. పెంపకం వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, చేతిలో పెట్టండి. మొదటి రాత్రి తర్వాత వాడి గోళ్ళలో రక్తం కడుగుతూ ఆమె, "ఇది మీ జేజినాయన కాలం నుంచీ ఉండేదే లేరా. ఎవురితోనూ సెప్పాకు" అంటుంది. ఆమెను చెడ్డదానిగా రాయొద్దు. ప్రేమతోనే అంటుంది, దాచడం నేర్పేదీ ఆ ప్రేమే.

మూడోది మీరు జాగ్రత్తగా రాయాల్సింది. ఆ రాత్రి చిరుత చంపింది ఊళ్ళో ఒకాయన మేక. తెల్లారి ఆయన, మేకను దొంగతనంగా అమ్ముకున్నాడని కాపలా పిల్లవాణ్ణి చెట్టుకు కట్టి కొడుతున్నాడు. ఓబులేసు కాలేజీ బ్యాగు తగిలించుకుని అటే వస్తాడు. "చిరుత అడుగులు చూసినా" అంటే చాలు, తన గుట్టు బయటపడకుండానే ఆ పిల్లవాడు బతికిపోతాడు. ఓబులేసు తల వంచుకుని బస్సెక్కుతాడు.

నా లెక్కలో రాక్షసుడు పుట్టింది ఆ బస్సులో, పగటిపూట, మనిషి రూపంలోనే. దారి ఉందని వాడికి తెలుసు, పాఠకుడికీ తెలుసు. ఆ దారి ముందే కనబడకపోతే సన్నివేశం తేలిపోతుంది. కాబట్టి చిరుత అడుగుల్ని అంతకు ముందు పేజీలోనే మట్టిలో చూపించి పెట్టండి.

అభ్యాసం: ఈ సన్నివేశాన్ని ఒకటిన్నర పేజీలో రాయండి. "రాక్షసుడు", "మృగం", "రక్తదాహం" మాటలు వాడొద్దు. ఓబులేసు మనసులో ఏమనుకున్నాడో కూడా చెప్పొద్దు, చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. తర్వాత అదే సన్నివేశాన్ని కట్టేసిన పిల్లవాడి వైపు నుంచి ఇంకోసారి రాయండి. వచ్చే పాఠంలో ఆ రెండోదానితోనే పని, ఎందుకంటే ఆ పిల్లవాడు ఓబులేసును చూశాడు.