నల్గొండల ఇంట్ల కూసొని ఆన్‌లైన్ డిజైన్ పని మొదలువెట్టాలంటే ఎట్ల

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక ఫ్లెక్స్ షాపుల రెండేండ్లు పని చేసిన, ఆ తర్వాత అదే పని ఇంట్ల నుంచి ఆన్‌లైన్ల చేసుకుంట బతుకుతున్న. డిగ్రీ అయిపోయిన తమ్ముళ్లు, పెండ్లయి ఇంట్ల ఉంటున్న చెల్లెండ్లు, దేవరకొండ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు, అన్నా మాక్కూడ జర చెప్పు అని అడుగుతనే ఉంటరు. ఫోన్ల సగం సగం చెప్తే వాళ్లకు ఏం అర్థమైతలేదు, అందుకే అన్నీ ఒక్కదగ్గర రాస్తున్న, ఓపిక పట్టి చదువున్రి.

ముందుగాల ఒక్కటి చెప్తా, కోర్సు కోసమని అప్పు చెయ్యకున్రి. అమీర్‌పేటకు పోయి హాస్టల్ కిరాయి కట్టి, కోర్సు ఫీజు కట్టి, ఆరు నెలలైనంక సర్టిఫికెట్ పట్టుకొని ఇంటికొచ్చి ఇప్పుడేం చెయ్యాలె అని కూసున్నోళ్లను మస్తు మందిని చూసిన, నాకు బాధ అనిపిస్తది. ఈ పనిల సర్టిఫికెట్ అడిగేటోడు ఎవ్వడు లేడు, చేసిన పని చూపియ్యమంటరు అంతే. టూల్స్ యూట్యూబ్‌ల ఫ్రీగ నేర్చుకోవచ్చు. కాని గిరాకితోని మాట్లాడుడు, వాళ్లు నోటితోని చెప్పింది బొమ్మ లెక్క చేసుడు, ప్రింటుకు పోయినంక రంగు ఎట్ల మారుతది అనేది తెలుసుడు, ఇవి యూట్యూబ్‌ల రావు. దీనికి నాకు తెలిసిన మంచి బడి మీ ఊర్ల ఉన్న ఫ్లెక్స్ షాపో, కంప్యూటర్ల కార్డులు, మ్యాటర్ తయారుచేసే డీటీపీ సెంటరో. జీతం తక్కువ ఇస్తరు, ఇయ్యనీ, ఆరు నెలలు చెయ్యి. ఎలక్షన్ల టైముల, వినాయక చవితి ముందల, బతుకమ్మ ముందల ఆ షాపుల రాత్రి పన్నెండు దాంక కూసుంటే ఏడాది కోర్సుల రాని స్పీడ్ చేతికి వస్తది.

లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది అయినా సరే, 8 జీబీ ర్యామ్‌కు తక్కువ తీసుకోకు, ఎస్‌ఎస్‌డీ ఉండాలె, ఒక మంచి మౌస్ కొనుక్కో. కరెంటు పోయినా ఫైల్ పోకుండ పది నిమిషాలకోసారి సేవ్ కొట్టుడు అలవాటు చేసుకో, అయిపోయిన పని గూగుల్ డ్రైవ్‌ల కూడ పెట్టు.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, మన దిక్కు ప్రింటింగోళ్లు అందరు కోరల్‌డ్రా మీదనే ఉంటరు, కాబట్టి అది రావాలె. ఆన్‌లైన్ల బయటోళ్లు ఇలస్ట్రేటర్ ఫైల్, ఫోటోషాప్ ఫైల్, ఈ మధ్యన ఫిగ్మా లింక్ అడుగుతున్నరు. పైసలు లేనప్పుడు క్రాక్ వెర్షన్, అంటే దొంగ కాపీ, వెయ్యకున్రి, వైరస్ తోని మొత్తం పని పోగొట్టుకున్నోళ్లు నాకు తెలుసు. లోగోలు గీసే ఇంక్‌స్కేప్ ఫ్రీ, ఫోటోషాప్ లెక్కనే ఉండే ఫోటోపీ బ్రౌజర్ల నడుస్తది, ఫిగ్మా మొదలువెట్టేటోళ్లకు ఫ్రీగనే సరిపోతది. కాన్వా కూడ వాడొచ్చు, తప్పేం లేదు, కాని కాన్వాల ఉన్న రెడీమేడ్ బొమ్మతోని లోగో చేసి అమ్మకు. అదే బొమ్మ ఇంకో వందమంది దగ్గర ఉంటది, ఆ గిరాకి రేపు ట్రేడ్‌మార్క్‌కు పోతే దొరకదు, అప్పుడు పోయేది నీ పేరే. గూగుల్ల కనిపించిన ఫోటో తీసి పెట్టుడు కూడ అంతే, అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ అసొంటి దగ్గర తీసుకో.

సైజుల లెక్క ముందే నేర్చుకోవాలె. పెండ్లి కార్డు, విజిటింగ్ కార్డు అయితే 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలని), సీఎంవైకే (ప్రింటు రంగుల లెక్క), చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ (కోతల పోయేటందుకు వదిలే అంచు). అదే లెక్క ఫ్లెక్స్‌కు పెడ్తే సిస్టం కూలవడ్తది. 10 అడుగులకు 8 అడుగుల ఫ్లెక్స్ 72 డీపీఐల చేస్తే 8640 బై 6912 పిక్సెళ్లు అయితది, దూరం నుంచి చూసేదానికి అది సరిపోతది. 300 పెడితే పొడుగు 36000 పిక్సెళ్లు అయి, ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైల్ కూడ సేవ్ కాదు, దాని హద్దు 30000. ఇన్‌స్టా పోస్టు 1080 బై 1350, వాట్సాప్ స్టేటస్ 1080 బై 1920, రెండూ ఆర్‌జీబీల, అంటే స్క్రీన్ రంగుల లెక్కల. ఫైనల్ ఫైల్ వాట్సాప్‌ల ఫోటో లెక్క పంపకు, డాక్యుమెంట్ లెక్క పంపు, లేకుంటే నలిగిపోయి మసకగ పోతది.

ఇగ అసలు సంగతి, తెలుగు. ఇంగ్లిష్ లోగోలు చేసేటోళ్లు ప్రపంచమంతా ఉన్నరు, వాళ్లందరితోని ఐదు డాలర్లకు కొట్లాడుతూ కూసుంటే ఇల్లు గడవదు. తెలుగు అక్షరం తప్పు లేకుండ, అందంగ, టైముకు పెట్టేటోళ్లు మాత్రం నిజంగ తక్కువ మంది. తెలుగు రానోడు ఫోటోషాప్‌ల మన మ్యాటర్ పేస్ట్ చేస్తే ఒత్తులు ఊడిపోయి పక్కకు పడ్తయ్, క్ష విడిపోతది, వాడికది తప్పని కూడ తెల్వదు, అట్లనే ప్రింటుకు పోతది. నీకు ఒత్తులు విరిగితే ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌ల టైప్ దగ్గరికి పోయి వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చెయ్యి, పాత వెర్షన్లల మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటది. ఇలస్ట్రేటర్ల అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌ల షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ల కంపోజర్ మార్చాలె. ప్రింటుకు పంపేముందు అక్షరాలను ఔట్‌లైన్ చెయ్యి, అంటే బొమ్మ లెక్క మార్చు, కోరల్ల అయితే కన్వర్ట్ టు కర్వ్స్, లేకుంటే అవుతల షాపుల ఆ ఫాంట్ లేక అన్నీ డబ్బాలు వస్తయ్.

ఫాంట్ల గురించి కూడ చెప్తా. షాపులల్ల ఇంకా ‘అను’ అని పేరున్న పాత తెలుగు ఫాంట్లే నడుస్తున్నయ్, అక్షరం మంచిగనే ఉంటది కాని అది యూనికోడ్ (ఏ ఫోన్లనైనా, కంప్యూటర్లనైనా ఒక్కతీరు చదివే అక్షరాల పద్ధతి) కాదు, అండ్ల కొట్టింది వాట్సాప్‌ల పెడితే పిచ్చి గీతలు వస్తయ్. గిరాకి వాట్సాప్‌ల పంపిన మ్యాటర్ అను ఫాంట్ల పడదు, కన్వర్టర్‌ల ఏసి మళ్ల అక్షరమక్షరం చూడాలె. ఆన్‌లైన్ పనికి యూనికోడ్ పట్టుకో. గూగుల్ ఫాంట్స్‌ల తెలుగువి చాన ఉన్నయ్, రామభద్ర హెడ్డింగుకు బలంగ ఉంటది, మండలి చిన్న మ్యాటర్‌కు చదువనీకి సాఫీగ ఉంటది, మల్లన్న, గిడుగు, ఎన్టీఆర్, సురవరం, ఇవన్నీ ఫ్రీ, కమర్షియల్ పనికి కూడ వాడుకోవచ్చు. సురవరం ఫాంటుకు మన పాలమూరోళ్ల సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన్రు, గోలకొండ పత్రిక నడిపిన ఆయన. నేను పేపర్ లెక్క కనిపించాల్సిన పనికి అదే వాడుతా, వాడిన ప్రతిసారి నాకు మంచిగ అనిపిస్తది.

ఫాంట్ తర్వాత స్పెల్లింగ్. ఆహ్వానం, శుభాకాంక్షలు, సుముహూర్తం, జ్యేష్ఠ పుత్రిక, ఈ మాటలు కండ్లు మూసుకొని కూడ తప్పు పోవద్దు. ఒకసారి ఒక పెండ్లి కార్డుల ముహూర్తం టైము ఉదయం ఉండాల్సినకాడ రాత్రి పడ్డది, 400 కార్డులు ప్రింటయినంక చూసిన్రు. మళ్ల కొట్టిచ్చిన ఖర్చు నేనే పెట్టుకున్న, అంతకన్నా ఆ ఆడపిల్ల నాయిన మొఖం చూస్తే నాకు నిద్ర పట్టలే. అప్పటి సంది ప్రూఫ్, అంటే ప్రింటుకు ముందు చూసుకునే కాపీ, పంపి, పేర్లు, ఇంటిపేర్లు, తేదీ, వారం, టైము, ఫంక్షన్ హాల్ పేరు చదివి ఓకే అని మెసేజ్ పెట్టమంటా. ఫోన్ల ఓకే అంటే పని ముందటికి జరపను. నువ్వు కూడ జరపకు.

చూపియ్యనీకి పని కావాలె కద, పోర్ట్‌ఫోలియో అంటరు. డిజైన్లు పెట్టి చూపే బెహాన్స్ వెబ్‌సైట్ల అకౌంట్ ఫ్రీ. ఎనిమిది పదికి మించి పెట్టకు, కాని ఒక్కొక్కటి కడుపునిండ చెయ్యి. ఇంకా గిరాకీలు లేకుంటే నువ్వే పని పుట్టించుకో, చెర్వుగట్టు జాతర పోస్టర్, మిర్యాలగూడ రైస్ మిల్లుకు బియ్యం బస్తా డిజైన్, మీ సందుల టిఫిన్ సెంటర్‌కు మెనూ. కింద ప్రాక్టీసు పని అని రాయి, పెద్ద కంపెనీకి చేసిన అని అబద్ధం రాయకు.

ఇంకోటి, మన చుట్టూతనే పని ఉంది, మనమే చూస్తలేం. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక, ఈ నేతోళ్లల్ల చాన మంది ఇప్పుడు వాట్సాప్ గ్రూపులల్ల, ఇన్‌స్టాల చీరెలు అమ్ముతున్నరు. ఫోటోలు మంచం మీద పరిచి ట్యూబ్‌లైట్ కింద తీస్తరు, ఎరుపు నారింజ లెక్క పడ్తది, వచ్చినంక రంగు వేరే ఉన్నదని కొన్నోళ్లు వాపస్ పంపుతరు, నష్టం నేసినోళ్లకు. నువ్వు పోయి పగటిపూట నీడల ఫోటో తీసి, రంగు చీరె పక్కన పెట్టుకొని సరిచేసి, ఒక్క తీరు బ్యాక్‌గ్రౌండ్, ధర, బ్లౌజ్ ఉన్నదా లేదా రాసి క్యాటలాగ్ చేసియ్యి. గద్వాల చీరెకు కాటన్ బట్ట, పట్టు అంచు అతికిన కాడ దగ్గరగ ఒక ఫోటో పెట్టు, తెలిసినోళ్లు అదే చూస్తరు. ఒక్క ఇంటికి చేస్తే ఆ గల్లీ అంత అడుగుతది, నెలనెలా కొత్త చీరెలు వస్తయ్ కాబట్టి నెలనెలా పని ఉంటది.

బయటి పనికి ఫైవర్, అప్‌వర్క్ అనే వెబ్‌సైట్లు ఉన్నయ్. ఫైవర్ 20 శాతం పట్టుకుంటది, వంద డాలర్ల పని చేస్తే నీకు ఎనభై, ధర పెట్టేటప్పుడే అది కలుపుకో. ఫైవర్ల గిగ్, అంటే నువ్వు చేసే పని గురించి ప్రకటన, పెట్టేటప్పుడు అన్ని డిజైన్లు చేస్త అని రాయకు, తెలుగు పెండ్లి వీడియో ఇన్విటేషన్ చేస్త అని ఒక్కటే రాయి, వెతికేటోళ్లకు నువ్వు దొరుకుతవ్. అప్‌వర్క్‌ల పని అడగాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు కావాలె, ఒక్కోటి 15 సెంట్లు, దొరికిన ప్రతి పనికి కొట్టుకుంట పోతే జేబు ఖాళీ. రోజుకు రెండు ఏరుకొని, మొదటి రెండు లైన్లల్ల వాళ్ల పని గురించే మాట్లాడు, నీ గురించి తర్వాత. ఇంగ్లిష్ చిన్న చిన్న వాక్యాలు చాలు, భయపడకు.

నాకు ఎక్కువ నిలవడ్డది మాత్రం బయట దేశాలల్ల ఉన్న మనోళ్లే. అమెరికాల బతుకమ్మ ఆడుతరు, పిల్లల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు చేస్తరు, ఆడ తెలుగుల ఫ్లయర్ చేసేటోళ్లు దొరకరు. మీ ఊరి నుంచి పోయినోళ్లు ఎవరో ఒకరు ఉంటరు, వాళ్లకు ఒక పని మంచిగ చేసి ఇయ్యి, వాళ్ల వాట్సాప్ గ్రూపు నీకు ఫైవర్ కన్నా ఎక్కువ పని ఇస్తది. న్యూజెర్సీల పొద్దుగాల పది అంటే ఎండకాలం మనకు రాత్రి ఏడున్నర, చలికాలం ఎనిమిదిన్నర, ఆ గంటల ఫోన్ దగ్గర ఉండు.

పైసల కాడ మెత్తగ ఉండకు. సగం అడ్వాన్స్, మిగిలిన సగం వచ్చినంకనే ఓపెన్ ఫైల్, అంటే మార్చుకునే వీలున్న అసలు ఫైల్. అప్పటిదాంక వాటర్‌మార్క్ వేసిన ప్రూఫ్ పంపు. కరెక్షన్లు రెండు తాపలు ఫ్రీ, మూడో తాపకు ఇంత అని ముందే రాసి పంపు. చుట్టాలు, సోపతిగాళ్లు ఉద్దెర పెడ్తరు, వాళ్లకు తగ్గించి ఇయ్యి కాని ఉద్దెర ఇయ్యకు, తగ్గించిన ధర ఇద్దరికి యాదికుంటది, ఉద్దెర నీకొక్కనికే యాదికుంటది. ధర ఎంత అని అడిగితే, ఆ పనికి ఎన్ని గంటలు పట్టిందో పది పనులకు నోటుబుక్‌ల రాసుకో, నెలకు ఇంట్ల ఖర్చెంతో చూసుకో, గంటకు నీకు ఎంత పడాలెనో తెలుస్తది. పక్కోడు వందకు చేస్తుండని నువ్వు తొంభైకి దిగకు.

విదేశం పైసలు పేపాల్, పేయోనీర్ తోని వస్తయ్. ఫీజు ఉంటది, డాలర్‌ను రూపాయలల్లకు మార్చేకాడ రేటుల ఇంకొంత పోతది, రెండూ కలిపి చూసుకో. పాన్ మీద పేరు, బ్యాంకు పేరు ఒక్కతీరు లేకుంటే ముందే సరిచేయించు. దేనికి వచ్చిన పైసలు అని పర్పస్ కోడ్ అడుగుతరు, నీ పనికి దగ్గరున్నది చూసి పెట్టు, విదేశం నుంచి పైసలు వచ్చినయని బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్ఏ కాయితం దాచిపెట్టు. ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే మామూలుగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. కాని ఐటీ రిటర్న్ మాత్రం చిన్న ఆదాయమున్నా మొదటి ఏడాది నుంచే వెయ్యి, రేపు ఇంటి లోనుకు పోతే నెల జీతం స్లిప్ లేనోళ్లను బ్యాంకోళ్లు అడిగేది అదే. ఇక్కడి కంపెనీలు టీడీఎస్, అంటే ముందుగాలనే కోసే టాక్స్, కోసి ఇస్తే ఇన్‌కం టాక్స్ సైట్ల నీ పాన్ మీద కనిపిస్తది, రిటర్న్ వేస్తే నీకు పడాల్సింది వాపస్ వస్తది.

మోసాలు మస్తున్నయ్. పని ఇస్తం కాని ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు అంటే అక్కడనే బ్లాక్ కొట్టు. టెలిగ్రాంకు రా అన్నా, ఓటీపీ అడిగినా, పైసలు ఎక్కువ పంపిన వాపస్ చెయ్యి అన్నా అంతే. పోయినంక సిగ్గుపడి ఇంట్ల చెప్పకుండ కూసోకున్రి, ఎంత జల్ది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అంత మంచిది. చెల్లెండ్లకు ఒక మాట, పనికి వేరే నంబర్ పెట్టుకొని వాట్సాప్ బిజినెస్ ఏసుకోన్రి, డీపీల మీ ఫోటో కాకుండ మీ పని పెట్టున్రి, రాత్రిపూట పని కాని మాటలు మాట్లాడేటోళ్ల అడ్వాన్స్ వాపస్ ఇచ్చి వదిలెయ్యున్రి, ఆ గిరాకి పోతే పోయింది.

నెలనెలా ఒక్కతీరు రాదు, ఇది ఇంట్లోళ్లకు కూడ ముందే చెప్పు. పెండ్లిళ్ల సీజన్ల ఊపిరాడదు, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా ఫోన్ మోగదు. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కకు పెట్టినంకనే చేసే ఉద్యోగం మానెయ్యి, అప్పటిదాంక రాత్రి రెండు గంటలు చాలు. ఆషాఢంల నేను ఖాళీగ కూసోను, వినాయక చవితికి, బతుకమ్మకు, దసరాకు పది పది డిజైన్లు చేసి పెట్టుకుంట, పేరు, ఫోటో మార్చే జాగ మాత్రం ఖాళీ ఉంచుత. శ్రావణంల పాత గిరాకులందరికి ఒక్కో శాంపిల్ పంపుత, పోయినేడు ఎవరికి ఏం చేసినమో నోటుబుక్‌ల ఉంటది కాబట్టి పేరు పెట్టి పంపుత.