ఇంట్లో ఒకరికి వచ్చిన వైరస్ ఇంటందరికీ పాకకుండా

జ్వరాల కాలం వచ్చిందంటే ఊర్లో మొదట తెల్లబడేది మోరీ గట్టు. బ్లీచింగ్ పొడి చల్లుతారు, వాకిలి రెండుసార్లు కడుగుతారు. లోపల చూస్తే దండెం మీద అందరికీ ఒక్కటే తువ్వాల, బిందె మీద ఒక్కటే గిలాస, పడుకునే అర్రకు ఒక్కటే కిటికీ, అదీ మూసే ఉంటుంది. ఒకరి నుంచి ఇంకొకరికి వైరస్ పోయేది ఈ లోపలి దారుల్లోనే. మోరీ పక్కన పడ్డ పొడి వాటిలో ఒక్కదాన్నీ ఆపదు.

దారులు మూడున్నాయి. ఫ్లూ, కరోనా, తట్టు ముఖ్యంగా గాలిలో వస్తాయి. తట్టు వచ్చిన పిల్ల అర్రలోంచి లేచిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ ఆ గాలిలో ఉండగలదు. వాంతులు, విరేచనాలు తెచ్చే రోటా, నోరో వైరస్‌లు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి, లేదంటే తాగే నీళ్లలోకి పోతాయి. కండ్లకలక చేతుల మీద, తువ్వాల మీద, దస్తీ మీద తిరుగుతుంది. వచ్చింది ఏ రకమో చూసుకొని శ్రమ అక్కడ పెట్టాలి. ఫ్లూ ఉన్న ఇంట్లో రోజూ ఫినాయిల్ వేసి నేల తుడుస్తూ కిటికీ మూసుకుంటే పనంతా వృథా. విరేచనాలున్న ఇంట్లో మాస్కు పెట్టుకొని చేతులు కడుక్కోకపోయినా అంతే.

చేతులు

ఫ్లూ, కరోనా వైరస్‌ల మీద సన్నని కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చీలుస్తుంది, వైరస్ అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది. రోటా, నోరో, హెపటైటిస్ ఎ వైరస్‌లకు ఆ పొర లేదు. వాటిని సబ్బు చర్మం మీంచి ఊడదీస్తుందంతే, తీసుకుపోవాల్సింది పారే నీళ్లు. అందుకే టబ్బులో అందరూ చేతులు ముంచి తీయడం కడుక్కోవడం కిందికి రాదు. ఒకరి చేతి నుంచి ఊడింది ఇంకొకరి చేతికి అంటుకుంటుంది. మెల్లగానైనా సరే, నీళ్లు పైనుంచి పడాలి.

చేతులు తడిపి సబ్బు రాసి 20 సెకన్లు రుద్దాలి. ముందు అరచేతులు, తర్వాత చేతి వెనుక భాగం, వేళ్ల సందులు, బొటనవేలు చుట్టూ. చివరికి ఐదు వేళ్ల కొనలు దగ్గరికి చేర్చి రెండో అరచేతిలో గీకాలి. ఎక్కువమంది వదిలేసేది బొటనవేలు, వేళ్ల కొనలు. మనం ముద్ద కలిపేది, పిల్లల నోట్లో పెట్టేది సరిగ్గా వాటితోనే. ఉంగరం తీసేయాలి, గాజులు పైకి జరుపుకోవాలి. సూక్ష్మక్రిములను చంపుతుందని రాసి ఎక్కువ ధరకు అమ్మే సబ్బు ఈ పనికి మామూలు సబ్బుకన్నా మేలేమీ కాదు.

నల్లగొండ, పాలమూరు వైపు చాలా ఊర్లలో బోరు నీళ్లు గట్టివి. సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. అలాంటి చోట బట్టల డిటర్జెంట్ పొడి నయం, గట్టి నీళ్లలోనూ నురగ వస్తుంది. లీటరున్నర సీసాలో నీళ్లు పోసి 30 గ్రాముల పొడి కలిపి, మూతకు సన్నని చిల్లు పెట్టి, చేతులు కడుక్కునే దగ్గర పెట్టాలి. రెండు మూడు చుక్కలు పిండుకుంటే ఒకసారికి చాలు. ఇంటికొక సబ్బు బిళ్ల కన్నా ఇది చవక, పిల్లలు మోరీలో పడేసే బాధా ఉండదు. చర్మం పొడిబారితే పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోవాలి. పగిలిన చర్మాన్ని శుభ్రం చేయడం కష్టం.

కడిగాక తుడుచుకోవడంలో చాలా ఇళ్లలో పని చెడుతుంది. చేతులు చక్కగా కడిగి కొంగుకు తుడుచుకుంటారు, పొద్దున్నే పిల్లవాడి ముక్కు తుడిచింది ఆ కొంగుతోనే. తడి చేతికి ఏదైనా తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఆరబెట్టుకోవడం తప్పనిసరి. గాలికి ఆరనివ్వండి, లేదా మనిషికో చిన్న గుడ్డ వేరే మేకుకు తగిలించి రోజూ ఉతకండి.

శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు. బస్సులో, అంగడిలో, నీళ్లు లేనిచోట ఫ్లూ వంటి వాటికి అది పనికొస్తుంది. కడుపు వైరస్‌లకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. పొలం నుంచి వచ్చిన మట్టి చేతుల మీద, నూనె చేతుల మీద అది ఏ వైరస్‌కూ సరిగా పనిచేయదు.

ఎప్పుడెప్పుడు కడగాలంటే: వంట ముందు, తినే ముందు, పిల్లలకు పెట్టే ముందు, దొడ్డికి పోయి వచ్చాక, దగ్గి తుమ్మాక, రోగిని ముట్టుకున్నాక. వీటన్నిటికన్నా ఎక్కువ మరిచిపోయేది చంటిపిల్లల ముడ్డి కడిగాక. పాలు తాగే పిల్లల మలంలో ఏముంటుందిలే అనుకుంటారు. రోటా వైరస్ ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ గుడ్డలు జాడించిన నీళ్లు వాకిట్లో పారబోయకుండా మరుగుదొడ్లో పోయాలి.

కాలితో తొక్కే కుళాయి

చెంబుతో నీళ్లు పోసుకునే ఇంట్లో ఒక చిక్కుంది. మురికి చేత్తో పట్టిన చెంబునే కడిగిన చేత్తో మళ్లీ పట్టుకుంటాం. అది తప్పించడానికి ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యాను చాలు.

క్యానును సబ్బు నీళ్లతో కడిగి, మూతకు 12 సెంటీమీటర్ల కింద, పిడికి ఎదురుగా, కాల్చిన మేకుతో 2 మిల్లీమీటర్ల చిల్లు పెట్టాలి. మూతకూ ఒక చిల్లు పెట్టి తాడు దూర్చి లోపల ముడి వేయాలి. రెండు పంగల కర్రలు అర మీటరు లోతున పాతి, అడ్డకర్రను క్యాను పిడిలోంచి దూర్చి వాటి మీద పెట్టాలి. మూత నుంచి వచ్చే తాడును కింద నేలమీదున్న ఇంకో కర్ర కొనకు కట్టాలి. నీళ్లు చిల్లుకు కాస్త కిందిదాకా నింపాలి. కర్ర తొక్కితే క్యాను మూతి వంగి సన్నని ధార పడుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. చెయ్యి దేన్నీ ముట్టుకోదు.

తాడు పొట్టిదైతే క్యాను ఎప్పుడూ వంగే ఉండి కారుతుంది. పొడుగైతే కర్ర నేలకు తగులుతుంది గానీ క్యాను వంగదు. కాలి కర్ర కొన నేలకు జానెడు పైన నిలిచేలా సరిచూసి అప్పుడు ముడి బిగించాలి. చిల్లు పెద్దదైతే నీళ్లు గంటలో ఖాళీ. సబ్బుకు చిల్లు చేసి తాడుతో పక్కనే వేలాడదీసి, పైన కోసిన ప్లాస్టిక్ సీసాను గొడుగులా కప్పాలి. వానకు కరగకుండానే కాదు, కాకులు సబ్బును ఎత్తుకుపోతాయి. కింద నీళ్లు నిలిస్తే దోమలొస్తాయి కాబట్టి గుంట తీసి గులకరాళ్లు నింపాలి. మరుగుదొడ్డి పక్కన ఒకటి, వంటింటి బయట ఒకటి ఉంటే మంచిది. వలస పోయి రేకుల షెడ్లలో పదిమంది కలిసి ఉండేచోట కూడా దీన్ని పెట్టుకోవచ్చు, విప్పి సర్దుకొని తెచ్చుకోనూవచ్చు.

తాగే నీళ్లు

బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ భయానికి నల్లగొండ, పాలమూరు జిల్లాలు 20 లీటర్ల ఆర్‌వో నీళ్ల క్యాన్లకు అలవాటు పడ్డాయి. ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం కుళాయి వచ్చాక కూడా చాలామంది మానలేదు. వైరస్ సంగతి వేరు. కుళాయి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం, అది చిన్నాచితకా మలినాన్ని కాస్త తట్టుకుంటుంది. ఆర్‌వో ప్లాంటులో క్లోరిన్‌ను ముందే తీసేస్తారు. అంటే క్యాన్ నీళ్లు ఎంత తేటగా ఉన్నా, ఒక్కసారి వేళ్లు మునిగాక వాటికి కాపలా ఏమీ లేదు. కుళాయి నీళ్లైనా బిందెలో నిలవుంటే క్లోరిన్ మెల్లగా పోతుంది.

కాబట్టి బిందెలో గిలాస ముంచవద్దు. అడుగున కుళాయి ఉన్న స్టీలు డబ్బా కొనుక్కోవడం ఉత్తమం. లేకపోతే పొడుగు కాడ గరిటె ఒకటి నీళ్లకే కేటాయించి, కాడ బయటకుండేలా మేకుకు తగిలించాలి. బిందె మీద పెట్టిన గిలాసతోనే ఇల్లంతా తాగడం, అదే గిలాస మళ్లీ ముంచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఇంట్లో కామెర్లో విరేచనాలో ఉంటే నీళ్లు తెర్లాక మరో నిమిషం మరగనిచ్చి, ఆ గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి. రోగికి గిలాస, కంచం వేరే ఉండాలి, సబ్బుతో కడిగి ఎండలో బోర్లించాలి.

గాలి

దగ్గు, జ్వరం ఉన్నవాళ్లకు వేరే అర్ర ఉంటే సరే. ఒక్కటే గది ఉంటే రోగి మంచం కిటికీ దగ్గర వేసి, మిగతావాళ్లు గాలి లోపలికొచ్చే తలుపు వైపు పడుకోవాలి. మధ్య ఆరడుగులు, లేదంటే కనీసం తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు. ఎండలు, చలి లేని రోజుల్లో వాకిట్లో మంచం వేసి దోమతెర కడితే అంతకన్నా మంచి అర్ర లేదు.

సీలింగ్ ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. టేబుల్ ఫ్యాను ఉంటే కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టండి, లోపలి గాలిని తోసేస్తుంది, తలుపు సందులోంచి కొత్తది వస్తుంది. ఎండకాలంలో కూలర్‌ను గదిలో పెట్టి అన్నీ మూస్తారు. అలా పెడితే రోగి వదిలిన గాలినే అది తడిపి మళ్లీ అందరి మొహాన కొడుతుంది. కూలర్ వెనుక భాగం కిటికీ బయట ఉండాలి, ఎదురు తలుపు కొంచెం తెరిచుండాలి. చల్లదనం కూడా అప్పుడే బాగొస్తుంది.

రోగి దగ్గరికి పోయేవాళ్లు మాస్కు ముక్కు మీదున్న తీగ నొక్కి బిగించుకోవాలి. చెమటకు తడిసిన మాస్కు మార్చాలి. గుడ్డ మాస్కు రోజూ ఉతకాలి, ఎన్95ను ఉతకకూడదు. దగ్గొస్తే మోచేతి మడతలోకి దగ్గాలి, అరచేతిలోకి కాదు.

వాంతి పడితే

చీపురుతో ఊడవకూడదు, బకెట్‌తో నీళ్లు కొట్టకూడదు. రెండూ తుంపర్లు లేపుతాయి. పిల్లల్ని దూరం పంపి, తలుపులు తీసి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు, మొహానికి మాస్కు వేసుకోండి. పాత పేపర్లు గానీ పొడి మట్టి గానీ పైన వేసి పీల్చుకోనిచ్చి, అంచుల నుంచి లోపలికి తోస్తూ అట్టముక్కతో ఎత్తి కవర్లో మూటకట్టాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు. వాంతి మీదే పోస్తే అందులోని మలినమే క్లోరిన్‌ను తినేస్తుంది.

సంచి మీద క్లోరిన్ 30 శాతానికి పైగా ఉందని రాసిన బ్లీచింగ్ పొడి అయితే లీటరు నీళ్లకు 15 గ్రాములు. చెంచా లెక్క నమ్మవద్దు. కిరాణం దుకాణంలో ఒకసారి 15 గ్రాములు తూయించి, అది ఏ మూతలో ఎంతవరకు వస్తుందో గీత పెట్టుకోండి. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, మిగతా నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైన తేట వాడాలి. ప్లాస్టిక్ బకెట్‌లోనే, ఆరుబయటే కలపాలి. నేల మీద పది నిమిషాలు నిలవనిచ్చి కడిగేయాలి. ఏ రోజుది ఆ రోజే. వాసన పోయిన పాత పొడిలో బలం ఉండదు, సంచి తెరిచాక గాలికి, తేమకు పోతుంది. మరుగుదొడ్డి గొళ్లెం, నల్లా, మగ్గు పిడి వంటి అందరూ ముట్టే వస్తువులకు లీటరుకు 3 గ్రాములు చాలు, సెల్‌ఫోన్‌కు మాత్రం ఇది వాడొద్దు. ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి పది నిమిషాల తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడవాలి.

బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది, ఒకదాని తర్వాత ఒకటి వాడినా ప్రమాదమే. మనుషుల మీద ఎన్నడూ చల్లకూడదు. ఫినాయిల్ వాసన బాగుంటుంది గానీ కడుపు వైరస్‌ల మీద దాన్ని నమ్మలేం.

మైలపడ్డ బట్టలు దులపకుండా విడిగా వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి నానబెట్టి, ఉతికి, మండుటెండలో ఆరేయాలి.

ఎన్ని రోజులు జాగ్రత్త

ఫ్లూ లక్షణాలు కనబడకముందు రోజు నుంచే అంటుతుంది, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. ఆటలమ్మ పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా అంటుతుంది. గుమ్మానికి వేపమండలు కట్టడం ఇంటికి రావద్దని చెప్పే గుర్తుగా మంచిదే, చూసిపోదామని వచ్చే చుట్టాల్ని మాత్రం, ముఖ్యంగా గర్భిణులను, గడప దగ్గరే ఆపాలి. కామెర్లు కండ్లలో పచ్చగా కనబడేసరికే వైరస్ ఒకటి రెండు వారాలుగా మలంలో పోతుంటుంది, పచ్చదనం వచ్చాక ఇంకో వారం ఆ మనిషిని వంటకు దూరం ఉంచాలి. వాంతులు, విరేచనాలు ఆగాక రెండు రోజులు నిండేదాకా దావత్‌లో వండడానికి గానీ, వడ్డించడానికి గానీ, పిల్లల్ని అంగన్‌వాడీకి గానీ పంపవద్దు. నోరో వైరస్ ఆ తర్వాత కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు మలంలో పోతుంది, సబ్బు అన్నాళ్లూ వదలొద్దు. చెర్వుగట్టుకో కురుమూర్తికో జాతర ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఈ లెక్క చూసుకొనే బయలుదేరాలి.

పిల్ల ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మత్తుగా పడివున్నా, ఎగశ్వాస వస్తున్నా ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెం తాగిస్తూ, మింగలేకపోతే బలవంతం చేయకుండా, 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకుపోవాలి.