మధ్యాహ్నం వర్కింగ్ గ్రూపులో పని ఎందుకు తేలదు: సమస్య - పరిష్కారం

నెల్లూరులోనో ఒంగోలులోనో కాలేజీ సెమినార్ హాలు, పక్కన రెండు క్లాసు రూములు మాట్లాడుకుని ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చగల సాఫ్ట్‌వేర్) డెవలపర్ల మీట్ పెట్టినవాళ్లు ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పేది ఒకటే. "పొద్దున టాక్‌లకి హాలు నిండిందన్నా, మధ్యాహ్నం గ్రూపుల్లో ఒక్క ప్యాచ్ కూడా తేల్లేదు." ప్యాచ్ అంటే కోడ్‌లో చేసే చిన్న సవరణ, గ్రూపంటే ఒక రూములో కూర్చుని ఆ సవరణలు చేసే బృందం. వెంటనే తప్పు భోజనం మీదికి నెట్టేస్తారు, చేపల పులుసు తిన్నాక ఎవడు పనిచేస్తాడని. పులుసు జోలికి పోకండి.

రూము నిండా జనం, పని మాత్రం మొదలవలేదు

షెడ్యూలు తీసి ప్రతి గ్రూపు ఎదురుగా ఒక మనిషి పేరుందేమో చూడండి. "తెలుగు ఫాంట్లు, 3:00, రూమ్ 2" అని మాత్రమే ఉంటే ఇంకేం వెతకక్కర్లేదు. "అందరం కూర్చుని చూసుకుందాం" అన్నారంటే ఎవరూ చూసుకోరు. పేరు రాయండి. ఆ మనిషి చేత నాలుగైదు బగ్‌ల జాబితా వారం ముందే రాయించండి, ఒక్కోటి రెండు గంటల్లో తేలేదిగా ఉండాలి. ఈ ఒక్క చెక్ ఎందుకు వదిలేస్తారో నాకర్థం కాదు. ఫ్లెక్సీలో అక్షరదోషాలు మాత్రం మూడుసార్లు చూసుకుంటారు.

పేరుంది, బగ్‌లున్నాయి, ప్యాచ్‌లూ వచ్చాయి, ఒక్కటీ మెర్జ్ కాలేదు

మెర్జ్ అంటే ప్యాచ్‌ని అసలు కోడ్‌లో కలపడం. అది జరక్కపోవడం నన్ను రెండుసార్లు ముంచింది. నెల్లూరులో ఫాంట్ గ్రూపు పెట్టాం. "స్త్రీ" అని కొడితే ర వత్తు వెళ్లి త వత్తు మీద కూర్చుంటోంది. సెకండియర్ అమ్మాయి ఒకతి మూడున్నరకల్లా దాన్ని సరిచేసి పంపింది. మెర్జ్ చేసే హక్కున్న మెయింటెయినర్, అంటే ఆ ప్రాజెక్టు చూసుకునే మనిషి, రూములో లేడు. అతని టాక్ 2:15 నుంచి 3:00 దాకా, గ్రూపు 3:00కి. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. అయితే స్టేజి దిగేసరికి పదిమంది చుట్టుముట్టారు. ఒకడు లాప్‌టాప్ తెరిచి ఎర్రర్ చూపించాడు. టీ వచ్చింది. శాలువా కప్పాలన్నారు, ఫొటో దిగాలన్నారు. అతను రూమ్ 2కి చేరేటప్పటికి కావలి, ఒంగోలు వాళ్లు పినాకిని రైలు టైమైందని బ్యాగులు సర్దేసుకున్నారు. రాత్రికి ప్యాచ్ చూసి చిన్న మార్పొకటి అడిగాడు. ఆ అమ్మాయికి పరీక్షలొచ్చాయి. మూడు నెలలు అలాగే పడుంది.

టాక్ ఇచ్చిన మనిషి ఇంకో గంటదాకా మన చేతికి దొరకడు. సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోదు. ప్రీటాల్క్స్ అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్ వాడితే ఒకే వక్తకి రెండు సెషన్లు ఒకే టైముకి పడినప్పుడు హెచ్చరిస్తుంది, నిజమే. కానీ ఒకటి 3:00కి ముగిసి ఇంకోటి 3:00కి మొదలైతే దాని లెక్కలో తప్పేం లేదు. పైగా గ్రూపుని చాలామంది వక్త పేరు లేకుండా ఊరికే ఒక గడిలో పెట్టేస్తారు. అప్పుడు రెండూ నిజంగానే ఒకదాని మీద ఒకటి పడినా అది నోరు మెదపదు.

అందుకే షెడ్యూలుని మనుషులవారీగా ఇంకోసారి తెల్లకాగితం మీద రాయండి. ఒక్కో మెయింటెయినర్‌కి ఒక వరస. టాక్ తర్వాతి గంట కొట్టేయండి. ఆ గంటలో గ్రూపు పడిందా, టాక్‌ని పొద్దున పదకొండున్నరకి జరపండి, ప్రశ్నలన్నీ భోజనాల వరసలోనే తీరిపోతాయి. జరపడానికి వీల్లేదంటే టాక్‌ని గ్రూపు రూములోనే పెట్టేయండి. చుట్టుముట్టిన పదిమందే గ్రూపవుతారు. రూము చిన్నదని వక్త అలిగితే అలగనివ్వండి. మెర్జ్ హక్కున్న రెండో మనిషి దొరికితే మరీ మంచిది, ఊళ్లో లేకపోయినా ఆ రెండు గంటలు ఆన్‌లైన్లో ఉంటే చాలు.

2023లో కొచ్చిలో డెబ్‌కాన్ఫ్ (డెబియన్ లినక్స్ డెవలపర్ల ఏటేటా సమావేశం) సెప్టెంబరు 10న మొదలైతే, అంతకుముందు వారమంతా డెబ్‌క్యాంప్ నడిచింది, కూర్చుని పని చేసుకోవడానికే. మనకి వారం ఎవరిస్తారు? శనివారం టాక్‌లు, ఆదివారం గ్రూపులు అని విడగొట్టండి. మన దగ్గర వచ్చేది ఎక్కువగా కొత్తవాళ్లు కాబట్టి టాక్‌లు ముందుండటమే మేలు.

బ్రౌజర్ నడుస్తోంది, గిట్ పుష్ వెళ్లట్లేదు

గిట్ పుష్ అంటే మన కోడ్‌ని సర్వర్‌కి పంపడం. ఎస్ఎస్‌హెచ్ అనే దారిన పంపితే అది 22 పోర్టు మీద వెళ్తుంది, కాలేజీ ఫైర్‌వాల్ ఆ పోర్టు మూసేసి ఉంటుంది. గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) బ్రౌజర్ వాడే 443 మీద కూడా ఎస్ఎస్‌హెచ్ ఒప్పుకుంటుంది. కాన్ఫిగ్‌లో పోర్టు మార్చి, హోస్ట్‌నేమ్ ముందు "ఎస్ఎస్‌హెచ్ డాట్" చేర్చుకోవాలి. ముందురోజు ఆ రూములోనే కూర్చుని ఒకసారి పుష్ చేసి చూడండి, ఆఫీసు రూము వైఫై మీద కాదు.

మిగతావి

ప్రొజెక్టర్‌కి కేబుల్ కలవకపోతే అడాప్టర్ కొనుక్కోండి. కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పెట్టుకుని వాయుగుండాన్ని తిట్టుకుంటే నేనేం చెప్పలేను. వక్త చివరి నిమిషంలో రాలేనంటే ఇంకో వక్త కోసం పరుగులు పెట్టకుండా ఆ టైమూ గ్రూపుకే ఇచ్చేయండి.