ఊళ్లో పాత పంటల జాతర జరపడం ఎలా?

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాలు సంక్రాంతికి మొదలుపెట్టి, దాదాపు నెల రోజుల పాటు ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా తిప్పే పాత పంటల జాతర గురించి చాలామంది వినే ఉంటారు. అలాంటి పండుగను తమ ఊళ్లో జరపదలచినవారు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. బండ్ల ముస్తాబు, డప్పులు, భోజనాలు ఎంత ఘనంగా ఉన్నా, వచ్చిన రైతు విత్తనం మూట కట్టుకొని వెళ్లకపోతే అది ఉత్త ప్రదర్శనగానే మిగిలిపోతుంది.

అందుకే పని జనవరిలో కాక, వానాకాలపు కొర్ర, సామ, సజ్జ కోతలప్పుడే మొదలుపెట్టాలి. తెగులు సోకని నిండు కంకులను చేనిలోనే ఏరి, విడిగా ఎండబెట్టి, విడిగానే నూర్చాలి. కల్లంలో ఒకసారి కలిసిపోయిన రకాలను తిరిగి వేరు చేయడం ఎవరి తరమూ కాదు. ఏ ఇంట్లో ఏ రకం మిగిలి ఉందో పెద్ద వయసు ఆడవారిని అడగాలి. పాసుపుస్తకం ఎవరి పేరున ఉన్నా, చాలా ఇళ్లలో గింజ దాచేది వారే. పేడతో అలికి ఆరబెట్టిన వెదురు బుట్టలో అడుగున బూడిద, దానిపై ఎండిన వేపాకు పరిచి, విత్తనం పోసి, మళ్లీ బూడిద చల్లి, మూతి పేడమట్టితో మెత్తితే పురుగు దరిచేరడం కష్టం.

పండుగకు పది రోజుల ముందు మొలక పరీక్ష తప్పక చేయాలి. తడిపిన గోనెపట్టాపై వంద గింజలను వరుసలుగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండా చూసుకోవాలి. ధ్రువీకరించిన జొన్న విత్తనానికి కనీస మొలక 75 శాతం కాబట్టి మనమూ అదే గీతగా పెట్టుకోవచ్చు. అంతకు తగ్గిన గింజను మొహమాటపడకుండా రొట్టెలకు పంపాలి.

జాతర నాడు చేయవలసింది కొంచెమే. ప్రతి బుట్ట దగ్గర రకం పేరు, పంటకాలం, సరిపోయే నేల, దాచిన ఇంటివారి పేరు రాసిన అట్ట ఉంచాలి. ఫ్లెక్సీపై పెట్టే ఖర్చు దీనిపై పెడితే మేలు. జొన్నరొట్టె, పుంటికూర, కొర్రన్నం వడ్డించాలి. ఉపన్యాసాలు ఎంత తగ్గితే అంత మంచిది.

అసలు కీలకం విత్తనాల పంపకంలో ఉంది. ఎకరాకు కొర్ర రెండు మూడు కిలోలు, జొన్న మూడు నాలుగు కిలోలు సరిపోతాయి కాబట్టి బస్తాలతో పని లేదు. తీసుకున్నవారు పంట వచ్చాక ఒకటిన్నర రెట్లు ఇవ్వాలా, రెట్టింపు ఇవ్వాలా అన్నది ముందుగానే సమావేశంలో తీర్మానించి, పేరు, రకం, కొలత పుస్తకంలో రాసుకోవాలి. పంట పోయినవారికి గడువు మరుసటి ఏడాదికి జరపాలే తప్ప, వారి పద్దు కొట్టివేయకూడదు.